వెండిచెవి పుచ్చకాయల గొయ్యి

అనగనగా అడవి లేదు పిల్లలూ, ఇసుకే ఉంది. కంటికి ఆనినంత మేరా ఇసుక. గాలి వీస్తే తిన్నెలు నిద్దట్లో పక్కకు ఒత్తిగిల్లినట్టు మెల్లగా కదిలేవి. ఆ ఇసుక నడుమ జంతువులు కట్టుకున్న పట్నం ఒకటి ఉండేది. అక్కడ మధ్యాహ్నమైతే నీడలు కూడా భయపడి చెట్ల మొదళ్ళలో దాక్కునేవి.

ఆ పట్నంలో వెండిచెవి అనే ఆడనక్క, ఆమె భర్త కుంచెతోక ఉండేవాళ్ళు. వెండిచెవి కడుపుతో ఉంది. ఎండలు ముదిరేలోగా కొత్త ఇల్లు కట్టుకోవాలి. పోయిన ఎండాకాలం పాత ఇంట్లో వేడికి తాళలేక వాళ్ళ చిన్నకూన చచ్చిపోయింది.

"ఇల్లు కిందికి తవ్వుదామయ్యా. లోపలి మట్టి చల్లగా ఉంటుంది" అంది వెండిచెవి.

కుంచెతోక మీసాలు దువ్వుకున్నాడు. "కన్నాల్లో ఉండేది ఎలుకలే! మనం పట్నం వాళ్ళం. పెద్దల్ని అడిగి కడతాను. నీకెందుకే ఈ గొడవంతా? ఉండేదానివి, ఉండు."

"ఉండేదాన్ని కాబట్టే చెబుతున్నా" అంది వెండిచెవి. అప్పటికే అతను గుమ్మం దాటాడు.

కుంచెతోక ముందుగా ఒంటె తాతను అడిగాడు. "గుమ్మం ఎత్తుగా పెట్టు నాయనా. నేనొస్తే మెడ వంచాల్సిన పని ఉండకూడదు" అన్నాడు తాత.

తర్వాత గద్దను అడిగాడు. "గోడలకు అభ్రకం రేకులు అంటించు. ఆకాశంలోంచి చూస్తే తళతళలాడాలి" అంది గద్ద.

ఆ తర్వాత నెమలిని అడిగాడు. "ఇంటి ముఖం పడమటికి తిప్పు బావా. ముందు పెద్ద వాకిలి ఉంచు. సాయంత్రం ఎర్రటి వెలుగులో నేను ఆడుతుంటే చూడ్డానికి రెండు కళ్ళు చాలవు" అన్నాడు నెమలి.

ముగ్గురూ ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళు కారు. ఆ మాటకొస్తే కుంచెతోకా కాదు. రాత్రి వేటకు పోతాడు, పగలంతా ఖర్జూరాల తోపులో పంచాయితీలో కూర్చుంటాడు. ఇల్లంటే అతనికి గుమ్మంలో నిలబడి మీసం దువ్వుకునే చోటు.

అతను గోడలు లేపుతుంటే వెండిచెవి ఇంటి వెనక, జమ్మిచెట్టు నీడన, బరువైన పొట్టతో ఆగి ఆగి ఒక గొయ్యి తవ్వుకుంది. "అదేమిటే?" అని అడిగాడు కుంచెతోక. "పుచ్చకాయలు దాచుకోవడానికిలే" అంది. వంటింటి సంగతి కదా అని అతను మళ్ళీ అటు చూడలేదు.

ఇల్లు పూర్తయింది. ఆ పట్నంలో ఒక ఆచారం ఉండేది. కొత్త ఇంటిని పెద్దలు తెల్లవారకముందే వచ్చి చూసి, బాగుందో లేదో చెప్పాలి. ఇల్లాలు వడ్డించేదాకా ఎవరూ కదలకూడదు. పెద్దలు చల్లటి వేళ తప్ప బయటికి రారు మరి. అందుకే ఆ పట్నంలో బాగాలేదనిపించుకున్న ఇల్లు ఒక్కటీ లేదు.

ముగ్గురూ వచ్చారు. ఇసుక ఇంకా చల్లగా, వెన్నెల తాగినట్టు తెల్లగా ఉంది. అభ్రకం గోడల మీద చివరి చుక్కలు మెరుస్తున్నాయి. ఇల్లు నిజంగా కలలాగే ఉంది.

"అద్భుతం!" అన్నాడు ఒంటె తాత. గద్దా నెమలీ తలలూపారు. కుంచెతోక ఛాతీ ఉప్పొంగింది.

"మీకు నచ్చింది కదా, కూర్చోండి. వడ్డిస్తా" అంది వెండిచెవి.

కూర్చున్నారు. పొద్దెక్కింది. అభ్రకం నిప్పురవ్వల్లా మండడం మొదలుపెట్టింది. ఎత్తైన గుమ్మంలోంచి వేడిగాలి పిలిచినవాళ్ళెవరూ లేకుండానే లోపలికొచ్చి కూర్చుంది.

"అమ్మాయ్, ఇంకా కాలేదా?" అన్నాడు ఒంటె తాత, మూతి తడుపుకుంటూ.

"ఇదుగో తాతా, ఇంట్లో అన్నీ ఉడుకుతున్నాయి, కూర ఒక్కటే ఉడకలేదు."

నెమలి పురి వేలాడేశాడు. గద్ద ముక్కు తెరిచి రొప్పుతోంది. "ఏమే, అతిథుల్ని చంపుతావా?" అని అరిచాడు కుంచెతోక.

"పడమటి ఎండ ఇంకా గుమ్మంలోకి రానేలేదు. అప్పుడే అరిస్తే ఎలాగయ్యా?" అంది వెండిచెవి. ఆమె గొంతు తగ్గింది. "పోయినేడు మన చిన్నది సరిగ్గా ఇలాంటి వేళకే నాలుక బయటపెట్టింది. మళ్ళీ లోపలికి తీసుకోలేదు. నువ్వు తోపులో ఉన్నావు."

ఎండకు గోడలు చిటపటమన్నాయి.

"రండి, పుచ్చకాయలు పెడతా" అంటూ ఆమె ఇంటి వెనక్కి నడిచింది.

గొయ్యి మూత తీయగానే చల్లటి ఊపిరి ఒకటి పైకొచ్చింది, నేల లోపల ఎవరో హాయిగా నిద్రపోతున్నట్టు. నెమలి ముందు దూరాడు. గద్ద అతని తోకను తొక్కి మరీ దూరింది. ఒంటె తాత మోకాళ్ళ మీద పడి, మెడ వంచి, ముక్కు మాత్రం లోపల పెట్టాడు. పుచ్చకాయలు ఎవరికీ గుర్తులేవు.

"అబ్బ! ఇల్లంటే ఇదీ!" అన్నాడు తాత, ముక్కు బయటికి తీయకుండానే.

"అది గొయ్యి తాతా. మీరు మెచ్చిన ఇల్లు అటు పక్కనుంది" అంది వెండిచెవి.

ముగ్గురూ పొద్దువాలేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. కుంచెతోక మాత్రం ఖాళీ ఇంట్లోకి తిరిగి వెళ్ళాడు. వెండిచెవి ఒంటరిగా పడుకోబోయే మూలలో పడుకుని చూశాడు. నేల కాలింది. ఆ మూలనే కూనలు పుట్టాలి.

బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మొదటిసారి అడిగాడు. "గుమ్మం ఎటు పెడదాం?"

"ఉత్తరానికి. మనం దూరేంత చిన్నది చాలు. దారి ఒక వంపు తిరగాలి, ఎండ అక్కడే ఆగిపోవాలి. వెనక పైకి ఒక బొక్క పెడదాం, లోపలి వేడి దాని దారిన అది పోతుంది."

కుంచెతోక తవ్వాడు. ఆమె చెప్పింది, అతను తవ్వాడు. ఎత్తైన గోడలు పడగొట్టి, ఆ మట్టినే పైకప్పు మీద మందంగా పరిచారు. అభ్రకం రేకులు నెమలికిచ్చేశారు.

మంచి ఎండల్లో కూనలు పుట్టాయి. బయట ఇసుక మండుతుంటే, లోపల గాలి వంపు తిరిగి, చల్లబడి, వాటి చెవుల మీదుగా జోలలా పోయేది. కూనలు నాలుకలు లోపలే పెట్టుకుని నిద్రపోయేవి. పగటిపూట వాటి పక్కన కుంచెతోక కూడా పడుకునేవాడు.

ఇప్పుడా పట్నంలో ఇళ్ళన్నీ అలాగే కడుతున్నారు. ఆ ఇంటి ఆలోచన తనదేనని ఒంటె తాత తోపులో చెప్పుకుంటాడు. వెండిచెవి నవ్వి ఊరుకునే రకం కాదు. "అలాగా తాతా? అయితే మధ్యాహ్నం రా, మాట్లాడుకుందాం" అంటుంది.

నీతి: చల్లటి వేళ చూసిపోయేవాళ్ళ మెప్పు కోసం ఇల్లు కట్టకూడదు. మిట్టమధ్యాహ్నం అందులో ఉండేదెవరో చూసుకుని, గుమ్మం ఎటు పెట్టాలో ముందు ఆమెనే అడగాలి.