బల్లకట్టు కోసం ఒక గులకరాయి

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు. ఆ ఏరు అడవిని రెండు ముక్కలు చేసింది. తూర్పు గట్టున ఏనుగు మారాజు కొలువు, వైద్యం చేసే ఎలుగుబంటి గుహ ఉండేవి. మరి పడమటి గట్టున ఏముండేవంటారా? అరటి చెట్లు, దుంపలు, బోలెడు బురద! మన సూదమ్మ ఉండేది అక్కడే. సూదమ్మ ఎవరో అనుకునేరు, ముళ్లపంది. ఒళ్లంతా ముళ్లే గానీ మనసు మాత్రం వెన్న.

ఒకప్పుడు ఆ ఏటి మీద బల్లకట్టు ఉండేది. వెదురుబొంగులు కట్టి, పైన చెక్కలు పరిచి, తాడు పట్టి లాగుతూ అందరూ హాయిగా ఏరు దాటేవాళ్లు. మూడేళ్ల కిందట వరదకి అది కాస్తా కొట్టుకుపోయింది. మళ్లీ ఎవరూ కట్టలేదు.

ఎందుకు కట్టలేదో చెబుతాను, వినండి. ఆ అడవిలో ఎండాకాలం చివర 'పంపకాల రోజు' అని ఒకటి వస్తుంది. జంతువులన్నీ తలా కాస్త వెదురో నారో ముందే రాజుగారి కొట్టుకి ఇస్తాయి. ఆ సరుకుతో ఈ ఏడు ఏ బాట బాగుచెయ్యాలో, ఏ రేవు కట్టాలో ఆ రోజున తేలుస్తారు. ఎవరికి ఏ పని కావాలో వాళ్లు ఆ పని పేరున ఒక గులకరాయి వెయ్యాలి. ఎక్కువ రాళ్లు పడ్డ పనికే సరుకు. ఎవరి రాయి వాళ్లే తేవాలి. అది తాతల నాటి కట్టుబాటు.

మరి పడమటి గట్టువాళ్లు రాళ్లు పట్టుకుని ఏరు దాటేదెలా? దాటలేరు. కానీ వాళ్ల వాటా నార పట్టుకుపోవడానికి రాజుగారి లెక్కలు చూసే కొంగ మాత్రం ఏటా టంచనుగా ఎగిరొచ్చేది! చూశారా ఎంత చోద్యమో!

కిందటి వానాకాలం సూదమ్మ పెనిమిటి ముళ్లయ్యకి జ్వరం వచ్చింది. ఎలుగుబంటి మందువేరు పట్టుకుని అవతలి ఒడ్డున నిలబడింది. సూదమ్మ ఇవతలి ఒడ్డున నిలబడి ఏడ్చింది. నడుమ ఏరు. ముళ్లయ్య ఎలాగో బతికాడు గానీ ఒక కన్ను పోయింది.

ఇప్పుడు మళ్లీ వానలకి పదిరోజులే ఉంది. పంపకాల రోజు కూడా వచ్చేసింది.

"ఈసారి నేను కొలువుకి వెళ్లాల్సిందే," అంది సూదమ్మ.

"ఎలా వెళతావే?" అన్నాడు ముళ్లయ్య కంగారుగా.

సూదమ్మ ముందు ఆకులతో బుట్ట అల్లి ఎక్కింది. బుడుంగున మునిగింది! తరవాత ఎండుదుంగ ఎక్కింది. దుంగ గిర్రున తిరిగి ఆమెని నీళ్లలో పడేసింది! ఒడ్డున అందరూ గొల్లుమన్నారు. సూదమ్మ ఒళ్లు దులుపుకుంది. మూడోసారి ఏం చేసిందో తెలుసా? అరటిబోదె ఒకటి నీళ్లలో వేసి, దాని మీద వెల్లకిలా పడుకుంది. ముళ్లన్నీ బోదెలో కసుక్కున దిగాయి. ఇంక ఎటు ఊగినా పడితే ఒట్టు! పొట్ట మీద గులకరాయి పెట్టుకుని, ఆకాశం చూస్తూ, నాలుగు కాళ్లూ పక్కలకి చాచి నీళ్లలో టపటపా ఆడిస్తూ బయల్దేరింది.

"పద సూదమ్మక్కా, పద!" అని పడమటి గట్టు గట్టంతా ఎగిరి గంతులేసింది.

సూదమ్మ కొలువుకి చేరేసరికి కొంగ రాళ్లు లెక్కపెడుతోంది. "కొలువు ముందర పూలబాటకి నలభై రెండు. ఇంకెవరైనా ఉన్నారా?"

"నేనున్నాను!" సూదమ్మ రొప్పుతూ వచ్చి తన రాయి వేసింది. "ఇది బల్లకట్టుకి."

కొంగ నవ్వింది. "బల్లకట్టా? నేను రెక్క విప్పితే అవతలుంటానే!"

మంత్రి కోతి నవ్వాడు. "నేను మారాజు వీపెక్కి పోతానమ్మా."

ఏనుగు మారాజు కూడా ఆశ్చర్యపోయాడు. "ఆ నీళ్లు నా పొట్టదాకా కూడా రావే! అయినా అంత అవసరమైతే మీ గట్టు నుంచి ఒక్క రాయే వచ్చిందేం?"

సూదమ్మకి ఒళ్లు మండింది. ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"మారాజా! బల్లకట్టు ఉంటే మేమందరం వచ్చేవాళ్లం. అందరం రాగలిగితే, బల్లకట్టు అడిగే పనే ఉండేది కాదు!"

మారాజు చెవులు ఆడించడం మానేశాడు. లేచి నిలబడ్డాడు.

"ఈ లెక్క చెల్లదు. ఈ రోజు కొలువు పడమటి గట్టున! పొద్దుగూకే లోపల ఎవరి రాయి వాళ్లు తెచ్చి అక్కడ వెయ్యండి. నా వీపు మీద ఎవరినీ ఎక్కించుకోను. సూదమ్మ బోదె మాత్రం తొండంతో లాక్కెళతాను."

అంటూనే ఏట్లోకి దిగాడు. ఇంకేముంది, గోలే గోల! జింకలు, కుందేళ్లు, అడవిపందులు రాళ్లు పట్టుకుని ఒడ్డు పొడుగునా పరుగులు. ఎక్కడ దిగినా సుడులే. కోతి చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతూ ఎంత దూరం పోయినా ఏటికి అడ్డంగా ఒక్క కొమ్మ లేదు.

పడమటి గట్టువాళ్లు ఒక్కొక్కరే వచ్చి రాళ్లు వేశారు. ఒంటికన్ను ముళ్లయ్య కూడా తడుముకుంటూ వచ్చి వేశాడు. కొంగ లెక్కపెట్టింది. "బల్లకట్టుకి అరవై మూడు. పూలబాటకి ఒకటి." ఆ ఒక్కటీ కొంగదే!

"మారాజా, మా రాళ్లు కూడా వేసుకోండి!" అని అవతలి ఒడ్డు నుంచి కోతి అరిచాడు.

"తెచ్చి వెయ్యి మంత్రీ!"

"ఎలా తెస్తాం? బల్లకట్టు ఏదీ?" అని, కోతి నాలిక్కరుచుకున్నాడు.

రెండు గట్లూ ఒక్కసారే పగలబడి నవ్వాయి. ఆ నవ్వులోంచే తూర్పు గట్టు కేకలు మొదలుపెట్టింది. "బల్లకట్టు! బల్లకట్టు!"

మర్నాడే కొట్టు తలుపులు తెరిచారు. వెదురు వచ్చింది, నార వచ్చింది. రెండు గట్లవాళ్లూ పోటీ పడి కట్టారు. తొమ్మిదో రోజుకి బల్లకట్టు తయారు! పదో రోజు మొదటి చినుకు పడింది. ఆ చినుకుల్లో మొట్టమొదట ఏరు దాటి వచ్చిందెవరో తెలుసా? మందుల సంచితో ఎలుగుబంటి! సూదమ్మ ఎదురెళ్లి దాని చెయ్యి పట్టుకుని, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

అప్పటినుంచి కొలువు ఒక ఏడు తూర్పు గట్టున, ఒక ఏడు పడమటి గట్టున. మరుసటేడు పంపకాలకి సూదమ్మ బల్లకట్టు ఎక్కి దర్జాగా వచ్చింది. వచ్చి తన రాయి ఎక్కడ వేసిందో చెప్పుకోండి! తూర్పు గట్టు బాటకి వేసింది.

కోతి తెల్లబోయాడు. "అదేంటమ్మా, మీ బాట కూడా బురదేగా?"

"బురదే. కానీ వస్తూ వస్తూ చూశాను, మీ కుందేలు నడుందాకా దిగబడిపోయి ఉంది. కళ్లారా చూశాక ఎలా ఊరుకుంటాను?" అంది సూదమ్మ.

నీతి: రాలేనివాళ్ల కష్టం తెలియాలంటే, పంచిపెట్టేవాళ్లే లేచి వాళ్ల గట్టుకి వెళ్లాలి.