లంకవాళ్లు నమ్మే మనిషి

కోటలో చాపలల్లడానికి గవరమ్మను ఏటి లంకల నుంచి తెచ్చి తొమ్మిదేళ్లయింది. ఇక్కడే పుట్టిన పిల్లలిద్దరూ ఏటిని చూడనే లేదు; అమ్మ యాస వింటే నవ్వుతారు. వాళ్లకు ఒక్కసారైనా ఆ గాలి తగలాలని ఆమె బెంగ. సెలవడిగితే మంత్రి ఉద్దండయ్య ఏనాడూ ఇవ్వలేదు.

ఆ ఏడు వరద రానుందనీ, మెరకకు తరలిపొమ్మనీ మంత్రి మూడుసార్లు చాటింపు వేయించాడు. భూములు లాక్కోవడానికే ఈ ఎత్తు అనుకుని లంకవాళ్లు కదల్లేదు.

"మంచి మాట ఎవరు చెబితేనేం? మూర్ఖులు!" అని మంత్రి మండిపడ్డాడు.

చాప పరుస్తున్న గవరమ్మ తలెత్తింది. "పోయినేడు చెరువుకట్ట పెంచమని పొరుగురాజు దూత చెబితే కుట్ర అన్నారు. అదే మాట మీ బావమరిది చెబితే పెంచారు కదయ్యా! లంకవాళ్లకు నేను సొంత మనిషిని. నన్ను పంపండి."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "సరే, వెళ్లు. పిల్లలు మాత్రం ఇక్కడే ఉంటారు."

"చిత్తం. కానీ మావైపు ఆడమనిషి వస్తే, ఏ కబురైనా వినేముందు పిల్లలేరీ అని అడుగుతారయ్యా. కోటలో ఉన్నారంటే, వాళ్లను పట్టుకుని మీరే నాచేత పలికిస్తున్నారనుకుంటారు. నాదీ నాలుగో చాటింపే అవుతుంది."

మర్నాడు బండి ముగ్గురితో కదిలింది. కోట గుమ్మం దాటగానే, ఏరు ఇంకెంత దూరమని పిల్లలకంటే ముందు గవరమ్మే అడిగింది.