దూదేకుల పీరమ్మ పెంచిన పింజ

వినేవాళ్ళు దగ్గరికి జరగండి. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. నిద్రొచ్చేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి పడుకోండి. మధ్యలో లేచి మళ్ళీ మొదట్నించి చెప్పమంటే చెప్పడం ఉండదు.

అనగా అనగా ఒక రేవు. ఓడలు తెరచాపలెత్తి గాలి కోసం కాచుకునే కాలం నాటి రేవు. దాని పేరు పాలరేవు. రేవుకి ఈ పక్క కోట, కోటలో రాణిగారు. రేవుకి ఆ పక్క ఇసుక దిబ్బలు, దిబ్బల మీద చేపలు పట్టే పల్లెకారుల ఇళ్ళు. కోటకీ దిబ్బలకీ నడుమ ఒక పాక. ఆ పాకలో దూదేకుల పీరమ్మ.

పీరమ్మకి మొగుడు పోయాడు. పిల్లలు లేరు. మొగుడు దూది ఏకిన విల్లు మిగిలింది. ఆ విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేది. అణిగిపోయిన పరుపు విప్పేది, గడ్డకట్టిన దూది ఏకేది, పొంగించి మళ్ళీ కుట్టేది. ఆవిడ మాట మెత్తన కాదు. ఆవిడ ఏకిన దూది మెత్తన.

"నేనేకిన దూదిలో ఒక్క ఉండ చూపించండి, ఈ విల్లు ఇక్కడే విరిచేస్తాను" అనేది.

చేతులు పెట్టి వెతికినవాళ్ళున్నారు. చూపించినవాళ్ళు లేరు.

ఇలా ఉండగా ఒకనాడు రేవుకి ఓడొచ్చింది. ఓడ కప్తాను రాణిగారికి ఒక బుట్ట పట్టుకొచ్చాడు. బుట్టలో తెల్లటి ముద్ద, దోసిట్లో పట్టేంత. ముద్దకి మూడు నల్ల చుక్కలు. రెండు కళ్ళు, ఒక ముక్కు.

"ఇది మాల్టా అనే దీవి కుక్క" అన్నాడు కప్తాను. "దీని ఒళ్ళు ఇంతకన్నా పెద్దగా పెరగదు. బొచ్చు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మా వైపు రాణులు దీన్ని ఒళ్ళో పెట్టుకుని పెంచుతారు. మళ్ళీ గాలి తిరిగినప్పుడు వస్తాను. మీ ఒళ్ళో చూస్తాను."

రాణిగారు మురిసిపోయింది. కప్తాను వెళ్ళిపోయాడు.

కోటలో అలాంటి కుక్కని చూసినవాళ్ళు లేరు. చంటిపిల్లల్ని చూసినవాళ్ళున్నారు. అంచేత చంటిపిల్లకి చేసినట్టే చేశారు. మొదట నెత్తి నించి తోక దాకా ఆముదం మర్దించారు. తర్వాత నలుగుపిండి పెట్టి రుద్దారు. ఆ తర్వాత బుట్ట బోర్లించి సాంబ్రాణి పొగ వేశారు. చంటిపిల్లకైతే ఒళ్ళు తేలికపడి నిద్ర పట్టేది. దీని ఒంటి మీద ఆముదానికి పిండి అంటుకుంది, పిండికి పొగ అంటుకుంది, ఎండేసరికి బొచ్చంతా అట్టకట్టింది. దాసీలు దువ్వెన పెట్టి లాగారు. అది కేరుమంది. ఇంకోసారి లాగారు. కరిచింది. అంతటితో లాగడం మానేశారు. నలుగు పెట్టడం మాత్రం మానలేదు.

తెల్ల ముద్ద మసి ముద్దయింది. రాణిగారి ఒడిలోంచి పంచలోకొచ్చింది.

ఆ రోజుల్లోనే పీరమ్మ కోటలో పరుపులు ఏకడానికెళ్ళింది. పంచలో మూలుగు వినబడింది. రాణిగారు పిలిచింది.

"ఒసే పీరమ్మా, ఉండలు కట్టిన దూది ఏకుతావు కదా, దీన్నీ ఏకిపెట్టు. కప్తాను వచ్చేసరికి దీని బొచ్చు తెల్లగా నేల మీద జీరాడాలి. కత్తెర తగిలిందో, ఈ ఊళ్ళో నీకు గుప్పెడు దూది దొరకదు."

"దూది అరవదు కదమ్మగారూ" అంది పీరమ్మ. "అరిచేదాన్ని ఏకడం నాకు తెలీదు. నేర్చుకుంటాను."

కొంగులో చుట్టి పాకకి తెచ్చుకుంది. మొదటి రోజు అది వేలు కొరికింది. రెండో రోజు మంచం కిందకి దూరింది. మూడో రోజు తనంతట తనే వచ్చి పీరమ్మ కాలి మీద గడ్డం ఆనించింది. అప్పుడు ఒళ్ళోకి తీసుకుంది. కొమ్ము దువ్వెన పట్టుకుంది. తోక దగ్గర మొదలుపెట్టింది. బొచ్చు మొదలు ఎడమ చేత్తో పట్టుకుని, కొసల్లోంచి ఒక్కొక్క చిక్కే తీసింది. తీస్తూ పాట కాని పాటొకటి పాడింది.

"కొస నించి రా తల్లీ, కొస నించి రా. తొందర లేదు తల్లీ, కొస నించి రా."

తోక విడింది, తెల్లగా వచ్చింది. దాన్ని చూసి ఆవిడే ముచ్చటపడి పింజ అని పేరు పెట్టింది. దూది చక్కగా ఏకితే గాలికి లేచే పింజ ఉంటుంది చూడండి, అదీ పేరు.

కానీ వీపు విడలేదు. చెవుల వెనక విడలేదు. పొట్ట కింద కంబళి ముక్కలా బిగుసుకుంది. పింజ తిండి తగ్గించింది. తర్వాత నీళ్ళు తగ్గించింది. ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే తలెత్తడం మానేసింది. పీరమ్మ పొట్ట కింద అట్టలోకి వేలు దూర్చి చూసింది. వేలు తడిగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చీము వాసన.

అదే పొద్దున సముద్రం మీద తెరచాప కనబడింది. కప్తాను ఓడ.

పీరమ్మ కత్తెర తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడే దిబ్బల మీది పోలమ్మ చేపల తట్టతో అటొచ్చింది. పోలమ్మ పల్లెకారుల ఆడది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"ఏంటే పీరీ, కత్తెర పట్టావు? రాణిగారేమందో మరిచిపోయావా?"

"మరవలేదక్కా."

"కుక్క బొచ్చు కోసం కూటికి నీళ్ళొదులుకుంటావా?"

"ఇక్కడ వేలు పెట్టి చూడక్కా."

పోలమ్మ తట్ట దించింది. వేలు పెట్టింది. ముఖం పక్కకి తిప్పుకుంది.

"అమ్మో, ఇది లోపల్లోపలే కుళ్ళిపోతోందే!"

"ఇవాళ కొయ్యకపోతే రేపుండదు. కోస్తే నాకు బతుకుతెరువుండదు."

పోలమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. "నేను పట్టుకుంటాను. నువ్వు కొయ్యి" అంది.

కోసింది. అట్ట మొత్తం ఒక్క ముక్కగా ఊడొచ్చింది. లోపల కళ్ళు తెరవని ఎలకపిల్లలా, ఎర్రగా, వణుకుతూ పింజ. వేపాకు కాచిన నీళ్ళతో పుండ్లు కడిగారు. కొబ్బరినూనె రాశారు. సాయంత్రానికి అది గిన్నెలో నీళ్ళు తాగింది. పీరమ్మ గుడ్లల్లో నీళ్ళు తిరిగాయి. పోలమ్మ చూడనట్టు తట్ట ఎత్తుకుంది.

ఇంకొకరైతే దాక్కుందురు. పీరమ్మ దాక్కోలేదు. పొద్దున్నే పింజని పాత మెత్తటి గుడ్డలో చుట్టి, కప్తాను ఎదురుగా ఉండగానే కోటకి తీసుకెళ్ళింది.

కప్తాను గుడ్డ తీసి చూశాడు. నవ్వాడు. ఆ మనిషి నవ్వకుండా ఉంటే బాగుండేది. రాణిగారి ముఖం నల్లబడింది.

"ఎవర్నడిగి కోశావే?"

"దీన్నే అడిగాను అమ్మగారూ. బొచ్చు మళ్ళీ వస్తుంది."

"దీన్ని తీసుకునిపో! నువ్వూ పో!"

సాయంత్రానికి ఊళ్ళో దండోరా వేశారు. దూదేకుల పీరమ్మకి ఎవరూ దూది ఇవ్వకూడదు, పరుపు ఇవ్వకూడదు, గుమ్మం ఎక్కనివ్వకూడదు.

ఆవిడ విల్లు భుజాన వేసుకుని ఒక వీధికెళ్ళింది. తలుపులు వేసుకున్నారు. రెండో వీధికెళ్ళింది. కిటికీలు కూడా వేసుకున్నారు. మూడో వీధిలో మాత్రం ఒక ఇల్లాలు అరుగు మీదికొచ్చి, "ఆ బోడికుక్కతో మా వాకిట్లోకి రాకు" అంది. ఆ ఇల్లాలి పురుడప్పుడు పక్క మెత్తన చేసి ఇచ్చింది ఈ పీరమ్మే. ఆ ఇంటి పేరు పాలరేవులో అందరికీ తెలుసు. ఇప్పుడున్న మనవలు మంచివాళ్ళు కాబట్టి ఇక్కడ చెప్పడం లేదు. తెలీక మాత్రం కాదు.

పీరమ్మ నాలుగో వీధికి పోలేదు. పాక పీకి దిబ్బల మీద వేసుకుంది.

దిబ్బల నిండా జిల్లేడు. ఎండాకాలం జిల్లేడు కాయలు పగిలి పట్టులాంటి దూది గాలికి పోతుంది. అది ఎవరి సొత్తూ కాదు, ఏ దండోరా దాన్ని ఆపలేదు. పీరమ్మ దాన్ని ఏరింది. గింజ తీసింది, చేత్తోనే ఏకింది, చంటిపిల్లలకి చిన్న చిన్న దిళ్ళు కుట్టింది. పల్లెకారుల ఆడవాళ్ళు చేపలిచ్చి దిండు పట్టుకెళ్ళేవాళ్ళు.

ఆ చేపలో ముల్లు లేని ముక్క పింజకి. మెత్తటి అన్నంలో కలిపి పెట్టేది. పొద్దున లేవగానే తడిగుడ్డతో కళ్ళ కింద చార తుడిచేది. కాలివేళ్ళ మధ్య ఇసుక తీసేది. చెవుల్లోకి చూసేది. అప్పుడు దువ్వెన. రోజూ, పండగైనా, జ్వరమైనా, ఇంట్లో గంజి లేకపోయినా.

"కొస నించి రా తల్లీ, కొస నించి రా."

పింజ ఆవిణ్ణి వదిలి క్షణం ఉండేది కాదు. పీరమ్మ నీళ్ళకెళితే గుమ్మంలో కూర్చుని ఏడ్చేది. బొచ్చు పెరిగింది. నేలని తాకింది. కళ్ళ మీద పడకుండా నెత్తిన దారంతో పిలక కట్టింది. సముద్రపు గాలికి ఆ పిలక ఊగుతుంటే వలలు ఎండేసేవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు.

ఆ మాట కోటకి చేరింది.

మొదట రాణిగారు పట్టుచీరతో దాసిని పంపింది. "చీర తీసుకుని కుక్కనివ్వమన్నారు."

"చీర కూర్చుని దువ్వుతుందా?" అంది పీరమ్మ.

తర్వాత కర్రతో బంటుని పంపింది. "ఇస్తావా, తన్నమంటావా?"

"కర్ర కూర్చుని దువ్వుతుందా?" అంది పీరమ్మ. ఆవిడ వెనక పోలమ్మ, పోలమ్మ వెనక పల్లెకారులంతా నిలబడ్డారు. బంటు ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పోయాడు.

మూడోసారి ఎవరూ రాలేదు చాలాకాలం. పీరమ్మకి దగ్గు పట్టుకుంది. ఏళ్ళ తరబడి పీల్చిన దూది నలుసు రొమ్ములో చేరింది. దువ్వెన పట్టిన చెయ్యి మధ్యలో ఆగిపోయేది. తను పోతానని బెంగ లేదు. తను పోయాక పింజ మళ్ళీ అట్టకడుతుందనే బెంగ.

"నేను చూసుకోనా?" అంది పోలమ్మ.

"నీ చేతులు మొద్దుబారిపోయాయక్కా. ముల్లు గుచ్చుకున్నా తెలీని చేతులు. దానికి నొప్పెట్టేది నీకు తెలీదు."

పోలమ్మ కోపం తెచ్చుకోలేదు. నిజమే మరి.

అప్పుడు రాణిగారే వచ్చింది. పల్లకీ లేదు, బంట్లు లేరు. జుట్టు నెరిసింది. ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని వచ్చింది.

"నేనే వచ్చాను. ఇప్పుడేమంటావు?"

"కూర్చోండి" అంది పీరమ్మ.

పీట వెయ్యలేదు. రాణిగారు ఇసుకలోనే కూర్చుంది. పీరమ్మ పింజని ఆవిడ ఒళ్ళో పెట్టి, చేతికి దువ్వెనిచ్చింది. రాణిగారు మొదలు నించి లాగింది. పింజ కేరుమంది.

"కొస నించమ్మగారూ."

రాణిగారు కాసేపు దువ్వి, చెయ్యి నొప్పెట్టి, లేచి వెళ్ళిపోయింది. పీరమ్మ పిలవలేదు. రెండో రోజు మళ్ళీ వచ్చింది. వీపంతా దువ్వి ఎండకి తాళలేక వెళ్ళిపోయింది. మూడో రోజు పొద్దెక్కకముందే వచ్చింది. వీపు దువ్వింది, చెవుల వెనక దువ్వింది, పింజని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట కింద దువ్వింది. అక్కడ పాత పుండు మచ్చలు చేతికి తగిలాయి. చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజు నేను ఇక్కడ వేలు పెట్టి చూడలేదే, పీరమ్మా."

ఇంకొకరైతే పోనీలెండి అందురు. పీరమ్మ అనలేదు.

"చూడలేదు" అంది. పింజ తల నిమిరి, "ఇప్పుడు చూస్తున్నారు కదా. కానివ్వండి" అంది.

రాణిగారు కానిచ్చింది. పింజ ఆవిడ ఒళ్ళో నిద్రపోయింది. అది చూశాక పీరమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆ చలికాలం దాటలేదు.

కోటవారు మళ్ళీ దండోరా వేశారు, పాత మాట ఎత్తేశామని. ఊళ్ళోవాళ్ళు ఇంటికో గుప్పెడు దూది పట్టుకుని దిబ్బల మీదికి బయల్దేరారు. పోలమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"బతికున్నప్పుడు లేని దూది ఇప్పుడెక్కడిది? పట్టుకుపోండి!"

పట్టుకుపోయారు. సమాధిలో పీరమ్మ తల కింద జిల్లేడు దూది దిండే పెట్టారు. రాణిగారు పింజని చంకనెత్తుకుని చివరిదాకా నిలబడింది. పింజ బతికినంతకాలం దాని మీద దాసీ చెయ్యి పడనివ్వలేదు. చేసిన అన్యాయం చెప్పినట్టే ఇదీ చెప్పాలి.

ఇప్పుడు కోట లేదు. ఓడలు రావడం లేదు. అయినా పాలరేవు దిబ్బల మీద కుక్కపిల్లని గానీ, మేకపిల్లని గానీ, పెయ్యని గానీ అడగ్గానే ఎవరూ చేతికివ్వరు. ఎంత గొప్పవాడొచ్చినా ముందు కూర్చోబెట్టి, ఆ పిల్లని ఒళ్ళో పెట్టి, దువ్వమంటారు. ఎందుకని అడిగితే "పీరమ్మ కూర్చోమంది" అంటారు.

కొందరు కాసేపటికే ఇసుక దులుపుకుని లేచిపోతారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. లేవనివాళ్ళకి మంచినీళ్ళు తెచ్చిస్తారు.