రెండో సమాధి

పూర్వం ఒక ఊళ్లో సుంకమ్మ అనే ముసలామె ఒంటరిగా బతికేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, మిగిలింది రెండెకరాల చేను. దానిమీద కన్నేసిన జమీందారు వీరభద్రప్ప దొంగ పత్రాలు పుట్టించి, చేను తన తాతలదేనని న్యాయాధికారి దగ్గర దావా వేశాడు.

"నీ దగ్గర పత్రముందా?" అన్నాడు న్యాయాధికారి.

"లేదయ్యా. మా ఊళ్లో చచ్చినవాళ్లను ఎవరి చేలో వాళ్లనే పూడుస్తారు. నా చేలో రెండు సమాధులున్నాయి. అవెవరివో ఆయన్నే అడగండి," అంది సుంకమ్మ.

జమీందారు తడుముకోలేదు. "మా తాతదీ నాయనమ్మదీ. నా చేతులతోనే మట్టి వేశాను."

"అయితే రెండోది తవ్వించండయ్యా."

జమీందారు మనుషులే నిలువులోతు తవ్వారు. ఎముక ముక్కయినా దొరకలేదు.

"మొదటిది నా మొగుడిది. రెండోది నాది. నేను పోతే పట్టించుకునే దిక్కులేదని, ఆయన పక్కన నేనే మట్టి కుప్పపోసి రాయి పాతుకున్నాను," అంది సుంకమ్మ.

చేను ఆమెకే దక్కింది. అందరూ వెళ్లిపోయాక మొగుడి సమాధి పక్కన చతికిలబడింది.

"కుప్ప పోసుకున్నానే గానీ, గుంత తవ్వేదెవరయ్యా అని ఇన్నాళ్లూ బెంగపడ్డాను. జమీందారు పుణ్యమా అని అదీ తీరింది."