చూడకుండా చూశానన్న కొండముచ్చు

అనగనగా ఒక అడవిలో ఏనుగులు తొక్కి తొక్కి వేసిన పొడుగాటి బాట ఒకటి ఉండేది. తొమ్మిది కొండలు దాటి పోయే బాట అది. ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు కోపం వస్తుంది పిల్లలూ, ముందే చెబుతున్నాను.

ఆ బాట మొత్తం నడవాలంటే పదిహేను రోజులు పడుతుంది. అంత ఓపిక ఎవరికి? అందుకని ఒక దుప్పి, ఒక అడవిపంది, ఒక కొండముచ్చు కలిసి అందులో ఒక్క ముక్క నడుద్దామనుకున్నాయి. పొద్దున్నే వాగు దగ్గర బయలుదేరాలి. తేనెకొండ మీద రాలిన ఇప్పపూలు తినాలి. రాత్రికి అక్కడే ఉండి మర్నాడు తిరిగి రావాలి. దుప్పికి చిన్న పిల్ల ఉంది. దానికి అదే మొదటి ప్రయాణం.

అసలే ఎండాకాలం. దారి మొత్తంలో నీళ్ళు దొరికేది ఒక్కచోటే, సగం దూరంలో బండల నడుమ ఉన్న దొనలో.

"అన్నా, నువ్వు చెట్ల మీదుగా చిటికెలో పోగలవు. దొనలో నీళ్ళున్నాయేమో చూసి రా. లేకపోతే పూలు పోయినా సరే, మేం రాం" అంది దుప్పి.

"అదెంత పని" అంది కొండముచ్చు.

బయలుదేరడానికి ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంది. మొదటి రోజు కొండముచ్చు తునికిపళ్ళు తింటూ కూర్చుంది. రెండో రోజు తిన్నది అరక్క పడుకుంది. దొన వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ సాయంత్రం దుప్పి అడిగింది. "చూశావా అన్నా?"

"చూశాను" అంది కొండముచ్చు.

పొద్దున్నే బయలుదేరేటప్పుడు అడవిపంది అడిగింది. "నీళ్ళు బాగానే ఉన్నాయా మామా?"

"మోకాలి లోతు ఉన్నాయి" అంది కొండముచ్చు.

కొంత దూరం నడిచాక ఎండ ముదిరింది. దుప్పి ఆగింది. "పిల్ల రొప్పుతోంది. వెనక్కి తిరగాలంటే ఇప్పుడే తిరగాలి. నిజంగా చూశావు కదా?"

"ఈ కళ్ళతో చూశాను, నడు" అంది కొండముచ్చు. ఎప్పుడూ ఉండే నీళ్ళు ఎక్కడికి పోతాయిలే అని దాని ధీమా. వింటుంటే ఒళ్ళు మండదూ?

మిట్టమధ్యాహ్నానికి దొన చేరాయి. అందులో బీటలు వారిన మట్టి తప్ప ఏమీ లేదు. దుప్పిపిల్ల కాళ్ళు ముడుచుకుని అక్కడే పడిపోయింది.

మన కొండముచ్చు ఏం చేసిందో తెలుసా? చెట్టెక్కి, లేత ఆకులు నమిలి, తన దాహం తీర్చుకుంది.

అడవిపందేమో దొన కింద ఎండిపోయిన ఒక చిన్న వాగులోకి దిగి, మూతితో ఇసుక తవ్వింది. మూతి చీరుకుపోయి నెత్తురొచ్చినా ఆపలేదు. పొద్దు వాలాక ఆ చెలమలో నాలుగు గుక్కల నీళ్ళు ఊరాయి. దుప్పి తను ముట్టకుండా పిల్లకు తాగించింది. చాలాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది.

అప్పుడు దిగింది కొండముచ్చు. "ఎండిపోయిందని నాకేం తెలుసు చెల్లీ?" అంది.

దుప్పి దాని వైపు తిరిగింది. "తెలియకపోవడం తప్పని నేనన్నానా? చూడలేదని ఒక్క మాట అంటే మేం ఇంటి దగ్గరే ఉండేవాళ్ళం. మూడుసార్లు అడిగాం. నీకు ఆకులున్నాయి. నా బిడ్డకు నీ మాట తప్ప ఇంకేముంది?"

కొండముచ్చు తల దించుకుంది. "తప్పయింది. క్షమించు" అంది.

"తప్పయిందన్నావు, విన్నాను. కానీ నా కోపం ఇవాళ పోదు. పోయిన రోజున నేనే వచ్చి చెబుతాను" అంది దుప్పి. పిల్లను పక్కన పెట్టుకుని మెల్లగా ఇంటి దారి పట్టింది.

ఆ రోజు ఇంకా రాలేదు పిల్లలూ.

నీతి: చూడనిది చూడలేదని చెప్పు. నీ మాట నమ్మి నడిచేవాళ్ళ ప్రాణం ఆ మాట మీదే ఉంటుంది.