పొదిగే పెట్టె

అమలాపురం దగ్గర పాలిటెక్నిక్‌లో చదివే సుభాషిణికి చేతులు ఊరుకునేవి కావు. ఏ పని మొదలుపెట్టినా అది పూర్తయ్యేదాకా ఆగలేక మధ్యలో కెలుకుతూ ఉండేది.

ఆ ఏడు తరగతిలో సెన్సర్లు, మోటార్ల పాఠాలు మొదలయ్యాయి. సుభాషిణి, స్నేహితురాలు రెహానా కలిసి కోడిగుడ్లు పొదిగే పెట్టె ఒకటి తయారుచేశారు. లోపలి వేడిని సెన్సర్ కనిపెట్టి, పెట్టె మీది చిన్న తెరపై అంకెగా చూపేది. వేడి తగ్గితే బల్బు వెలిగేది, సరిపోగానే ఆరిపోయేది. ఒక చిన్న మోటారు గుడ్ల పళ్ళాన్ని అప్పుడప్పుడు అటూ ఇటూ వంచేది. కోడి ముక్కుతో గుడ్లను దొర్లిస్తుందే, అలాగన్నమాట.

సరిగ్గా అప్పుడే సుభాషిణి పిన్ని మంగతాయారు ఇంట్లో గుడ్లు పొదుగుతున్న కోడిని కుక్క పట్టుకుపోయింది. పిన్ని ఆ గుడ్లను బుట్టలో పెట్టి, పాత చీరముక్క కప్పి పరుగున తెచ్చింది.

"అమ్మాయ్, ఈ జాతి మా అమ్మ పెంచుకున్నది. పుంజు ఉంది గానీ పెట్టలు లేవు. మిగిలింది ఈ గుడ్లే. మీ పెట్టె వీటిని బతికిస్తుందా?"

"ఎందుకు బతికించదు పిన్నీ!" అంది సుభాషిణి.

అనడమైతే అంది గానీ, ఆ క్షణం నుంచి ఆమెకు కాలు నిలవలేదు. వెళ్ళి మూత తీసేది, గుడ్లను తాకి చూసేది. మూత తీయగానే వేడి బయటికి పోయి అంకె పడిపోయేది. పడిపోయిన అంకె చూసి కంగారుపడి మళ్ళీ మూత తీసేది.

"మూత తీసేదీ నువ్వే, చల్లబడిపోయిందని గోల పెట్టేదీ నువ్వే!" అని రెహానా విసుక్కుంది. "దాని పని దాన్ని చేసుకోనివ్వవే."

ఇంతలో రెహానా తన అక్క పెళ్ళికి ఊరెళ్ళింది. ఇక సుభాషిణిని ఆపేవాళ్ళు లేరు. బల్బు మాటిమాటికీ ఆరిపోతుంటే గుడ్లకు వేడి చాలడం లేదేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. గుడ్ల మధ్య ఉన్న సెన్సర్‌ను తీసి, గాలి వచ్చే రంధ్రం పక్కన అంటించింది. ఆ తర్వాత బల్బు ఆరనే లేదు. "హమ్మయ్య, ఇప్పుడు బాగా పనిచేస్తోంది" అనుకుని నిశ్చింతగా కాలేజీకి వెళ్ళింది.

సాయంత్రం వచ్చి మూత మీద చేయి వేసేసరికి చురుక్కుమంది. లోపల గుడ్లు జ్వరం వచ్చిన ఒళ్ళులా కాలిపోతున్నాయి. వెంటనే బల్బు ఆపేసింది. అప్పుడే రెహానా ఊరి నుంచి వచ్చింది.

"సెన్సర్ పాడైపోయిందే. తప్పు చూపించింది" అంది సుభాషిణి ఏడుపు గొంతుతో.

రెహానా సెన్సర్‌ను ఊడదీసి ఆమె గుప్పిట్లో పెట్టింది. అంకె సరిగ్గా ఒంటి వేడి దగ్గర నిలబడింది.

"ఇది తప్పు చెప్పలేదు. బయటి చల్లగాలి తగిలే చోట పెట్టావు, అక్కడ ఎంత వేడి ఉందో అదే చెప్పింది."

ఇద్దరూ టార్చి వెలుగులో ఒక్కో గుడ్డునూ చూశారు. చాలావాటిలో కదలిక లేదు. కొన్నింటిలో మాత్రం ఎర్రటి నరాల నడుమ నల్లటి నలుసు మెదిలింది.

ఆమె ఆ సాయంత్రమే పిన్ని దగ్గరికి వెళ్ళింది. "పెట్టె బాగానే ఉంది పిన్నీ. నేనే పాడుచేశాను."

"మిగిలినవాటినైనా ముట్టుకోకు" అంది పిన్ని.

సెన్సర్ మళ్ళీ గుడ్ల మధ్యకు చేరింది. సుభాషిణి అరుగు మీద కూర్చునేది, లేచేది, గదిలోకి వచ్చేది. చేయి మూతదాకా వెళ్ళేది, వెనక్కి లాక్కునేది. ఒకరోజు లోపల టిక్కు టిక్కుమని చప్పుడైంది. చేతులు రెండూ చంకల్లో బిగించుకుని నిలబడిందే తప్ప మూత తీయలేదు. మర్నాటికి ఆ చప్పుడు కిచకిచలైంది.

మూడు పిల్లలు బతికాయి. పిన్ని వాటిని ఒళ్ళో వేసుకుని ఒళ్ళంతా నిమిరింది.

"ఇవి పెట్టలేనా పిన్నీ? చూసి చెప్పు!" అంది సుభాషిణి ఆత్రంగా.

"ఒక్క పెట్ట ఉన్నా చాలు, జాతి నిలుస్తుంది. కానీ ఇప్పుడే ఎలా తెలుస్తుందే? పెరగనీ" అంది పిన్ని.

సుభాషిణి ఇంకేదో అడగబోయి, ఊరుకుంది. పిల్లలకు నూకలు తేవడానికి లోపలికి వెళ్ళింది.

నీతి: ఆత్రంతో చేసే సాయం కీడే చేస్తుంది; చేయవలసింది చేశాక ఓపికగా ఆగడం కూడా పనిలో భాగమే.