చూద్దాంలే యువరాజు

ఊఁ కొడతామంటేనే చెబుతాను, మధ్యలో కునుకు తీస్తే నా పూచీ లేదు. అనగనగా మణిశిల అనే రాజ్యం. దాన్నేలే రాజు భువనసేనుడు. ఆయనకు లేక లేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు రత్నకేతుడు. అందగాడు, మంచివాడు, తెలివైనవాడు. ఏం లాభం? ఏ పని చెప్పినా "చూద్దాంలే" అనేవాడు. కత్తిసాము నేర్చుకోమంటే చూద్దాంలే. గుర్రమెక్కమంటే చూద్దాంలే. "కోట తలుపు గడియ విరిగింది యువరాజా, బాగు చేయించండి" అని కావలివాడు మొత్తుకుంటే, దానికీ చూద్దాంలే.

ఆ తలుపు తోసుకునే కరాళకంఠుడనే మాంత్రికుడు లోపలికొచ్చాడు. సింహాసనం మీదున్న రాజు పాదాలపై చిటికెడు బూడిద చల్లాడు. పాదాలు రాయైపోయాయి.

"రోజుకింత చొప్పున ఈ రాయి పైకి పాకుతుంది. గుండెను తాకిన రోజున నీ రాజ్యం నాది!" అని విరగబడి నవ్వి మాయమయ్యాడు.

రత్నకేతుడు తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. చల్లగా తగిలాయి. తన వల్లే ఇదంతా అని వెక్కి వెక్కి ఏడ్చి, సముద్రపుటొడ్డుకు పరుగెత్తాడు. అక్కడ ధాన్యం నూర్చే కళ్ళమంత తాబేలు ఒకటి అతని గోడు విన్నది.

"వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది బాబూ. దానికి ఒక్కటే మాట వచ్చు, చూద్దాంలే. లోకంలో ఎవరు ఆ మాటన్నా అదే దానికి మేత. ఇంకో మాట నేర్చిందో, మాంత్రికుడు చస్తాడు. నిన్ను నేను దాటిస్తాను. కానీ నాది మొద్దునిద్ర. రోజూ తెల్లవారకముందే నువ్వు 'లే' అని పిలవాలి. పిలవకపోయావో, నిద్రలోనే అడుక్కి జారిపోతాను."

"అలాగే తాబేలు మామా" అన్నాడు రత్నకేతుడు.

మొదటి సముద్రం మీద మెలకువ వచ్చింది కానీ, చూద్దాంలే అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అంతే, బుడుంగున మునిగారు! కడుపునిండా ఉప్పునీళ్ళు తాగి, చావుతప్పి పైకి తేలారు. రెండో సముద్రం మీద పెదవి కొరుక్కుని లేచి పిలిచాడు. అప్పుడు చూశాడు, నీళ్ళన్నీ ఎర్రబడి, సముద్రం మొత్తం వెలిగిపోతూ సూర్యుడు పైకి రావడం. ఒళ్ళు ఝల్లుమంది.

"మామా, రోజూ ఇలాగే వస్తాడా?"

"రోజూనే. నువ్వే చూళ్ళేదు."

మూడో సముద్రం మీద అంత కష్టమనిపించలేదు. ఏడోదానికి వచ్చేసరికి కళ్ళు తెరవకముందే నోరు దానంతటదే "లే" అనేది.

దీవిలో అద్దాల మేడ, దాని మీద ఏనుగంత చిలుక. మేడ ముందు వరుసలు వరుసలుగా వీరులు చెంపకు చెయ్యి చేర్చి కూర్చున్నారు. కిరీటాల మీద నాచు పట్టింది. వాళ్ళలో మాంత్రికుణ్ణి చంపడానికి కత్తి పట్టుకొచ్చిన రాజకుమారి మందారవల్లి కూడా ఉంది.

"చూద్దాంలే" అంది చిలుక. అచ్చం రత్నకేతుడి గొంతే! తను పెట్టిన మేతకే అది ఇంత బలిసిందని అర్థమైంది. ఆ మాట చెవిన పడ్డాక ఎవరికీ లేవబుద్ధి కాదు, అతనూ ఆ వరుసలో చెంపకు చెయ్యి చేర్చి కూర్చుండిపోయాడు. ఎంతో హాయిగా అనిపించింది. నాన్న మొహం కూడా మసకబారిపోయింది.

మర్నాడు తూర్పు ఇంకా తెల్లబడలేదు. మూసిన కళ్ళు మూసినట్టే ఉన్నాయి కానీ, అలవాటైన నోరు ఊరుకుంటుందా? "లే!" అంది.

ఎంతైనా చిలుక కదా, విన్నది పలికింది. "చూద్దాంలే… లే… లే!" ముందు సగం రాలిపోయి ఆ ఒక్క అక్షరమే మిగిలింది. "లే!" అని ఆ కొండంత పక్షి అరుస్తుంటే దీవి కంపించింది. వరుసలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి! ఎక్కడో ఉన్న కరాళకంఠుడు కుండలా పగిలాడు. చిలుక గుప్పెడంతయి, తుర్రున ఎగిరిపోయింది.

రత్నకేతుడు మందారవల్లితో కలిసి తిరిగి వచ్చేసరికి, గుండెకు జానెడు దూరంలో ఆగిన రాయి కరిగిపోయి ఉంది. కానీ రాజు కాలివేళ్ళు మాత్రం రాయిగానే మిగిలాయి. ఏ మంత్రమూ, ఏ వైద్యమూ వాటిని కదిలించలేదు.

పెళ్ళి జరిగింది. పట్టాభిషేకం జరిగింది. రాజైన రత్నకేతుడు మాత్రం రోజూ తెల్లవారుజామున నువ్వులనూనె వెచ్చచేసి, తండ్రి కాలివేళ్ళకు తనే మర్దనా చేసేవాడు.

"ఎందుకురా నాయనా ఈ శ్రమ? రాయి రాయే" అనేవాడు ముసలి రాజు.

కొడుకు నవ్వి, అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకునేవాడు. మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. ఏళ్ళు గడిచాయి, పిల్లలు పుట్టారు, రాజ్యం పచ్చగా ఉంది. ఒకనాటి పొద్దున నూనె రాస్తుంటే ముసలాయన ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఒరేయ్, ఆగరా! చక్కిలిగిలి పెడుతోంది!"